నీళ్ల మంత్రి అయిన సేనాని

మా నాన్నగారి ట్రంకుపెట్టెలో, ఇంటి దస్తావేజుల కింద, బ్రౌను కాగితం అట్ట వేసిన ఇంగ్లీషు నివేదిక ఒకటి ఉండేది. 1954లో మన ప్రభుత్వం తరఫున చైనాకు వెళ్లి, అక్కడి నదీలోయ పథకాలు చూసి వచ్చిన ఇద్దరు ఇంజనీర్లు మరుసటి ఏడాది రాసిన నివేదిక అది. ఆ ఇద్దరిలో ఒకరు కన్వర్ సైన్ కాగా, రెండోవారు మన కంకిపాడుకు చెందిన కానూరి లక్ష్మణరావు గారు. నాన్నగారు నాగార్జునసాగర్‌లో సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో ఆ కాపీ ఎవరి దగ్గరో తీసుకున్నారు, తిరిగి ఇవ్వలేదు. యంత్రాలు తక్కువగా, మనుషులు ఎక్కువగా ఉన్న దేశం పెద్ద ఆనకట్టలు ఎలా కడుతుందన్నది ఆ రోజుల్లో సాగర్‌లో పనిచేసే ప్రతివాడికీ సొంత ప్రశ్నే. మా కాలనీ వాకిట్లో నిలబడితే, కర్రలతో కట్టిన సారువల మీదుగా రాళ్లు మోసుకుంటూ పైకి పోయే కూలీల బారు చీమలబారులా కనిపించేది.

1962 చలికాలంలో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఆ పుస్తకం అలమరలోనుంచి ట్రంకుపెట్టె అడుగుకు దిగింది. ఎవరూ అడగలేదు, ఎవరూ సోదా చేయలేదు. అయినా చైనా పేరున్న పుస్తకం పైకి కనబడేలా ఉంచుకోవడానికి నాన్నగారికి మనసొప్పలేదు. నాలుగైదేళ్ల తరువాత, కాలువలకు నీళ్లు వదలబోతున్న హడావిడిలో, నేను పెట్టెలో మరేదో వెతుకుతూ దాన్ని బయటికి తీశాను. అప్పటికి లక్ష్మణరావు గారు ఢిల్లీలో కేంద్ర నీటిపారుదల, విద్యుత్తు మంత్రిగా ఉన్నారు. మాకందరికీ అది సొంతింటి గొప్ప. “వాళ్ల దేశంలో కూడా మన లక్ష్మణరావు గారిలాంటి మంత్రి ఉంటాడా నాన్నగారూ?” అని అడిగాను.

“ఉన్నాడు. కాని ఆయన ఇంజనీరు కాదురా, సేనాని. ఒక పక్షం తరఫున కోట కాస్తూ, చివరికి రెండో పక్షానికి ఆ కోట తలుపులు తీశాడు. తీసినందుకు వాళ్లు ఆయన్ను నీళ్ల మంత్రిని చేశారు” అన్నారు నాన్నగారు.

అరుగు మీద పడుకుని వింటున్న మా తాతయ్య వెంటనే లేచి కూర్చున్నారు. “విభీషణుడన్నమాట” అని, కాసేపు ఆలోచించి, “కాదు, విభీషణుడికి రాజ్యం దక్కింది. వీడికి ఉద్యోగం దొరికిందంటున్నావు కనుక, యుయుత్సుడు” అని సవరించుకున్నారు. ధృతరాష్ట్రుడి కొడుకై ఉండీ యుద్ధం మొదలయ్యేముందు పాండవుల వైపు నడిచివెళ్లిన యుయుత్సుడి కథ ఆ రాత్రే నాకు మొదటిసారి తెలిసింది. ఆ చైనా సేనాని పేరు మాత్రం నాన్నగారు రెండు మూడు రకాలుగా పలికారు. సరైన పేరు ఫు జువోయీ అని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ తరువాత, జలవనరుల శాఖలో నా ఉద్యోగమంతా సాగినన్నాళ్లూ, చేతికి దొరికినప్పుడల్లా ఆయన గురించి చదువుతూనే వచ్చాను.

ఆయన 1895లో షాన్సీ రాష్ట్రంలో, పసుపు నది ఒడ్డునున్న రోంగ్‌హ అనే తాలూకా పల్లెలో పుట్టాడు. ఒండ్రు మోసుకొచ్చి, ఒడ్డు కోసుకుపోయి, ఊళ్లను అటూ ఇటూ జరిపే నది అది. బావోడింగ్ సైనిక పాఠశాలలో చదువు ముగించుకుని 1918లో బయటికి వచ్చి, షాన్సీని గుప్పిట్లో పెట్టుకుని ఏలుతున్న యెన్ షీషాన్ సైన్యంలో చేరాడు. చైనాలో అది సైన్యాధిపతుల కాలం. రాష్ట్రానికొక దొర, దొరకొక సైన్యం ఉండేవి. నిన్నటి మిత్రుడు ఇవాళ శత్రువు కావడం, రేపు మళ్లీ వియ్యమందడం అప్పట్లో మామూలు విషయం. ఈ సంగతి మనసులో ఉంచుకోకుండా ఆయన తరువాతి జీవితాన్ని తూచడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఆయన పేరు దేశమంతా వినబడింది 1927 చివర్లో, బీజింగ్‌కు నైరుతిన ఉన్న జువోజౌ అనే చిన్న గోడల పట్టణంలో. అప్పటికి ఆయన వయసు 32 ఏళ్లు. ఒక డివిజన్ సైన్యంతో ఆ పట్టణంలోకి చొరబడి, మంచూరియా దొర జాంగ్ జువోలిన్ పంపిన సైన్యాలకు ఎదురు నిలిచి, సుమారు మూడు నెలలు కోటను కాపాడాడు. బయటివాళ్లు ఫిరంగులు పేల్చారు, గోడల కింద సొరంగాలు తవ్వారు, ట్యాంకులు తెచ్చారు, విషవాయువు గుండ్లు కూడా వేశారు. గోడ కూలిన చోట రాత్రికి రాత్రి మట్టిబస్తాలు వేసి పూడ్చారు. తిండి అయిపోయాక సైనికులు సారా బట్టీల్లో మిగిలిన ధాన్యపు పిప్పి తిన్నారని చదివాను. చివరికి 1928 జనవరిలో, పట్టణంలో జనం ఆకలితో మాడుతున్నారన్న కారణం మీద, షరతులు మాట్లాడుకుని కోట వదిలాడు. ఓడినవాడైనా, నగరాన్ని కాపాడడం తెలిసినవాడని శత్రువుల చేత కూడా అనిపించుకున్నాడు. 1949 గురించి రాసేవాళ్లలో చాలామంది జువోజౌను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఆయన కథంతా అక్కడే మొదలైనట్టు తోస్తుంది. గోడల లోపల ఇరుక్కున్న ఊళ్లో రోజులు గడిచేకొద్దీ ఏం జరుగుతుందో ఆయన పుస్తకంలో చదువుకున్నది కాదు, తిని చూసినది.

1931 నుంచి ఆయన లోపలి మంగోలియా అంచున ఉన్న సుయియువాన్ రాష్ట్రానికి గవర్నరు. 1933లో మహాకుడ్యం దగ్గర జపాన్ సైన్యంతో ఆయన సైనికులు పోరాడి చనిపోతే, 203 మంది శవాలను తెచ్చి ఇప్పటి హోహాట్ నగరంలో సమాధి చేయించి, పండితుడు హూ షి చేత స్మారకం మీద మాటలు రాయించాడు. 1936 నవంబరులో, జపాన్ ప్రాపకంతో దిగిన మంగోల్ రాజు దె వాంగ్ సేనలను బైలింగ్‌మియావో అనే బౌద్ధమఠం ఊరి దగ్గర ఓడించినప్పుడు, వరసగా ఓటములే వింటున్న దేశం ఆయనకు జేజేలు పలికింది. 1940లో వుయువాన్ పట్టణాన్ని జపాన్ నుంచి తిరిగి గెలుచుకున్నాడు. ఈ యుద్ధాల వివరాలు ఇష్టపడేవాళ్లకు ఇష్టమే. నా వృత్తి వేరు కనుక నా చూపు వేరే చోట ఆగింది.

వుయువాన్ ఉన్న మైదానం పేరు హెటావో. పసుపు నది అక్కడ ఉత్తరానికి పెద్ద వంపు తిరుగుతుంది. వాన దాదాపు ఉండదు కనుక కాలువ పారినంత మేరే పైరు. మన గోదావరి డెల్టాలో కాటన్ ఆనకట్ట తరహా ఏ కట్టడమూ అప్పటికి అక్కడ లేదు. నది గట్టు తెగ్గొట్టి నీళ్లు మళ్లించుకునే మట్టికాలువలే దిక్కు, అవి ఏటేటా మేట వేసి పూడిపోయేవి. జపాన్ సేనలు ఒకపక్క కాచుకుని ఉన్న ఆ ఏళ్లలో ఫు జువోయీ తన సైనికుల చేతికి పారలిచ్చి కాలువలు తవ్వించాడు, పూడికలు తీయించాడు. సైన్యాన్ని నడపడం ఎంతో నీళ్లను నడపడం అంత అన్నది ఆయన పద్ధతి. సైన్యానికి తిండి కావాలి గనక చేశాడని ఎవరైనా అంటే కాదనను. కాని ఏ కాలువైనా ఎవరి తిండి కోసమో తవ్వినదే కదా. డివిజన్ ఆఫీసులో ఎస్టిమేట్లు రాసుకుంటూ కూర్చున్న నాకు, ఉత్తరపు ఎడారి గాలిలో కాలువ గట్టున నిలబడి తవ్వకం కొలిపించే సేనాని బొమ్మ, ఆయన గెలిచిన ఏ యుద్ధం కన్నా దగ్గరగా కనిపించేది.

జపాన్ ఓడిపోయాక అంతర్యుద్ధం వచ్చింది. అందులో మొదట్లో ఆయన, దేశాన్ని ఏలుతున్న కొమింటాంగ్ పార్టీ నాయకుడు చియాంగ్ కై షేక్ పక్షాన, కమ్యూనిస్టులకు ఎదురుగా నిలిచిన ఆరితేరిన సేనాని. 1946 అక్టోబరులో కమ్యూనిస్టుల చేతిలోని జాంగ్‌జియాకౌ నగరాన్ని పట్టుకున్నాడు. అంతకు ముందు నెలలో జీనింగ్ దగ్గర దక్కిన విజయం తలకెక్కి మావోకు బహిరంగంగా తంతి కూడా ఇచ్చాడు. 1947 డిసెంబరులో చియాంగ్ ఆయన్ను ఉత్తర చైనా సర్వసేనానిని చేశాడు. ఏడాది తిరగకముందే బల్ల తిరగబడింది. మంచూరియా పోయింది. అక్కడ చాంగ్‌చున్ నగరాన్ని కమ్యూనిస్టు సేనలు నెలల తరబడి చుట్టుముట్టి ఉంచితే, లోపల లక్షకు పైగా సామాన్య జనం ఆకలితో చనిపోయారు. ఇది 1948 సంగతి. జువోజౌలో పిప్పి తిన్న మనిషి ఆ వార్త విని ఏమనుకున్నాడో ఊహించడానికి పెద్ద కల్పనాశక్తి అవసరం లేదు.

ఆ డిసెంబరులో బెయ్‌పింగ్ వంతు వచ్చింది. బీజింగ్‌కు అప్పటి పేరు అదే. గోడల లోపల ఇరవై లక్షల జనం, రెండు లక్షలకు పైగా సైన్యం. బయట లిన్ బియావో నడిపే కమ్యూనిస్టు సేనలు. మంచూరియా నుంచి అంత తొందరగా దిగివస్తారని ఫు జువోయీ అనుకోలేదు. ఆయన సొంత చేతులతో పెంచిన 35వ సైన్యం షిన్‌బావోఆన్ అనే చిన్న ఊళ్లో చిక్కుకుని డిసెంబరు 22న నాశనమైపోయింది. దాని సేనాని గువో జింగ్‌యున్ తనను తాను కాల్చుకున్నాడు. రెండు రోజులకు జాంగ్‌జియాకౌ పోయింది. మరునాడు, డిసెంబరు 25న, కమ్యూనిస్టులు 43 మంది యుద్ధనేరస్థుల జాబితా ప్రకటిస్తే అందులో ఆయన పేరు కూడా ఉంది. ఒకవైపు సంధి మాటలు సాగుతుండగానే ఆ పేరు ప్రకటించారు. సొంత పక్షంవాళ్ల అనుమానం నుంచి ఆయన్ను కాపాడడానికే అలా చేశారని తరువాత చెప్పారు. ఆ మాటను ఎంతవరకు నమ్మాలన్నది చదివేవాడి ఇష్టం.

ఆ నలభై రోజుల్లో ఆయన పక్కనే మసలిన మనిషి ఆయన పెద్దకూతురు ఫు దోంగ్‌జూ. కున్‌మింగ్‌లో చదువుకుని, తియాన్‌జిన్‌లో పత్రికలో పనిచేస్తూ, 1947లో రహస్యంగా కమ్యూనిస్టు పార్టీలో చేరిన అమ్మాయి. తండ్రి ఆరోగ్యం చూసుకునే మిషతో ఇంట్లో ఉంటూ, ఆయన ఎప్పుడు మెత్తబడ్డాడో, ఎప్పుడు బిగుసుకున్నాడో, ఏ పూట తిండి మానేశాడో ఎప్పటికప్పుడు తన పార్టీవాళ్లకు చేరవేసింది. దిక్కుతోచనప్పుడు ఆయన అగ్గిపుల్లలు నోట్లో పెట్టుకుని కొరికేవాడట. ఆ అగ్గిపుల్లల కబురు కూడా లిన్ బియావో శిబిరానికి పోయి ఉంటుంది. ఇంటిగుట్టు లంకకు చేటు అని మనం విభీషణుణ్ని తలచుకుని అంటాం. ఇక్కడ గుట్టు చెప్పింది కూతురు, చేటు మాత్రం ఊరికి రాలేదు. నాకు ఒక్కగానొక్క కూతురు ఉండడం వల్ల కాబోలు, సేనాని కన్నా ఆ అమ్మాయి గురించే నేను ఎక్కువసార్లు ఆలోచించాను. ఆమె చేసినది ద్రోహమని నాకు అనిపించదు. అలాగని పూర్తిగా మనసుకు ఎక్కదు కూడా.

2009 శీతాకాలంలో మా అమ్మాయి, అల్లుడు బీజింగ్‌లో ఉద్యోగాలు చేస్తుంటే నేను రెండు నెలలు వాళ్ల దగ్గర ఉన్నాను. చలికి బయటికి వెళ్లవద్దని వాళ్లన్నా, చెవుల మీదికి టోపీ లాక్కుని ఊరంతా తిరిగాను. స్వర్గదేవాలయం తోటలో పాత దేవదారు చెట్ల కింద ముసలివాళ్లు పేకాడుకుంటున్నారు. ఊరి బయటి విమానాశ్రయాలు శత్రువుల చేతికి పోయాక, 1948 డిసెంబరులో విమానాలు దిగడానికి ఆ తోటలోనూ, ఊరి నడిబొడ్డున దోంగ్‌దాన్ మైదానంలోనూ చెట్లు కొట్టి, చదును చేసి, దారులు వేశారు. ఆ విమానాల్లోనే కొందరు పెద్దమనుషులు తప్పించుకుపోయారు. అదే రోజుల్లో కమ్యూనిస్టు సైన్యం తరఫువాళ్లు భవనశిల్ప చరిత్రకారుడు లియాంగ్ సిచెంగ్ ఇంటికి వెళ్లి, ఒకవేళ నగరం మీద ఫిరంగులు పేల్చక తప్పకపోతే ఏ గుళ్లను, ఏ కట్టడాలను తప్పించాలో పటం మీద గుర్తులు పెట్టమన్నారు. ఆయన పెట్టి ఇచ్చాడు. ఆ పటం వాడవలసిన పని పడలేదు.

పడకపోవడం అంత సులువుగా జరగలేదు. ఫు జువోయీ మొదట ఒక పత్రికాధిపతిని, తరువాత ఒక ప్రొఫెసరును, చివరికి తన పాత మిత్రుడు దెంగ్ బావోషాన్‌ను మాటలకు పంపాడు. ప్రతిసారీ తన బలం కాస్త ఎక్కువ ఉన్నట్టు బేరం పెట్టాడు, ప్రతిసారీ ఆ బలం తగ్గిపోయింది. తియాన్‌జిన్‌ను నెలల పాటు నిలబెట్టవచ్చని ఆయన ఆశ. జనవరి 14న దాడి మొదలై 29 గంటల్లో ఆ నగరం పడిపోయింది. ఇక బెయ్‌పింగ్ నగరానికి మేయరుగా పనిచేసిన హ సీయువాన్ సంధి కోసం తిరుగుతున్నాడని కొమింటాంగ్ గూఢచారులు జనవరి 18 తెల్లవారుజామున ఆయన ఇంట్లో బాంబులు పేల్చారు. చిన్నకూతురు చనిపోయింది, ఆయనకూ భార్యకూ గాయాలయ్యాయి. కట్లు కట్టించుకుని ఆయన అదే రోజు నగర ప్రతినిధులతో కలిసి గోడ దాటి మాట్లాడడానికి వెళ్లాడు. బెయ్‌పింగ్ కథలో సేనానుల పేర్లు మాత్రమే చెప్పి ఈయన్ను వదిలేసేవాళ్లంటే నాకు కోపం.

జనవరి 21న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మరునాటి నుంచి సైన్యం ఊరు వదిలి, చెప్పిన చోట్లకు వెళ్లి, కమ్యూనిస్టు సైన్యంలో కలిసిపోవడం మొదలుపెట్టింది. ఒప్పుకోని చియాంగ్ సేనానులు లీ వెన్, షి జువె వంటివాళ్లను ఆయన బంధించలేదు, విమానం ఎక్కించి పంపించాడు. జనవరి 31న షీజిమెన్ అనే పడమటి ద్వారం గుండా కమ్యూనిస్టు సేనలు లోపలికి వచ్చాయి. ఫిబ్రవరి 3న ఊరేగింపు జరిగింది. దక్షిణ ద్వారం నుంచి వచ్చి, విదేశీ రాయబారుల వీధిలోకి కావాలని మలుపు తిరిగి వెళ్లారు. దాదాపు అర్ధ శతాబ్దంగా చైనా సైన్యం అడుగుపెట్టని వీధి అది.

షీజిమెన్ చూడాలని అమ్మాయిని వెంటపెట్టుకుని వెళ్లాను. అక్కడ మెట్రో స్టేషను, దాని మీద ఒకదానిపై ఒకటి మెలికలు తిరిగిన ఫ్లైఓవర్లు ఉన్నాయి, ద్వారం లేదు. 1969లో భూగర్భ రైలు కోసం దాన్ని కూలగొట్టారు. ఒక్క ఫిరంగి గుండు తగలకుండా దక్కిన కోటగోడను ఆ తరువాతి ఇరవై ఏళ్లలో గునపాలతో తవ్వి తీశారు. ఎక్కడో ఒక ముక్క, ఎక్కడో ఒక బురుజు మిగిలాయి. “ఎటునుంచి వచ్చారు నాన్నా వాళ్లు?” అని అమ్మాయి అడిగితే, ఆ మెలికల మధ్య పడమర ఎటో నాకు వెంటనే తోచలేదు.

తలుపు తీసిన తరువాత ఆయనకు దక్కిన మొదటి బహుమానం ఒక ఉత్తరం. జనవరి 16 తేదీతో లిన్ బియావో, లువో రోంగ్‌హువాన్‌ల పేర, చాలా కఠినమైన భాషలో, ఆయన నేరాలన్నీ ఏకరువు పెట్టి, గడువు విధించి రాసిన ఉత్తరం. దాన్ని తెచ్చిన దెంగ్ బావోషాన్ ఆయనకు చూపించడానికి జంకాడు, చూస్తే బేరం చెడుతుందని. చివరికి అది కూతురి చేతికి వచ్చింది. ఆమె తండ్రి బల్ల మీది కాగితాల మధ్య పెట్టింది, ఆయన వెంటనే చూడలేదు. ఒప్పందం ముగిసి, తలుపులు తెరిచాక, ఫిబ్రవరి 1న పీపుల్స్ డెయిలీ పత్రిక ఆ ఉత్తరాన్ని యథాతథంగా అచ్చువేసింది. అప్పుడు చదివి ఆయన మండిపడ్డాడు. కూతురిని కూడా కేకలేశాడు. ఆ తరువాత ఫిబ్రవరి చివర్లో షీబైపో గ్రామంలో మావోను కలిసినప్పుడు, తాను నేరం చేసినవాడినని ఆయన అంటే, మేలు చేసినవాడివని మావో అన్నాడనీ, ఏం పని కావాలని అడిగితే హెటావోకు తిరిగి వెళ్లి కాలువల పని చూసుకుంటానన్నాడనీ, హెటావో మరీ చిన్నది, దేశం నీళ్లన్నీ చూసుకోమని మావో నవ్వాడనీ చెప్పుకుంటారు. మాటలు అచ్చంగా అవేనా అన్నది ఎలా ఉన్నా, 1949 అక్టోబరులో ఆయన జలవనరుల మంత్రి అయిన మాట నిజం. అంతకు ముందు నెలలో, ఆయన పాత సహచరుడు దోంగ్ చీవూ సుయియువాన్‌ను కూడా యుద్ధం లేకుండా అప్పగించడంలో ఆయన చేయి ఉంది.

మన దగ్గర ఫిరాయింపు అంటే మంత్రి పదవే గుర్తుకొస్తుంది. నేను ఉద్యోగం చేసిన కాలంలో పొద్దున ఒక జెండా, సాయంత్రం ఒక జెండా పట్టుకుని, మర్నాడు మా ఆఫీసుకు తనిఖీకి వచ్చిన పెద్దమనుషులను నేనూ చూశాను. ఆ లెక్కన ఫు జువోయీకి కూడా పదవి దక్కిందని ఎవరైనా అంటే, దక్కింది, కాదనలేం. తైవాన్ చేరిన ఆయన పాత సహచరులు కడదాకా ఆయన్ను ద్రోహి అనే పిలిచారు. కమ్యూనిస్టులేమో ఆయన చేసిన పనికి తిరుగుబాటు అని గౌరవమైన పేరు పెట్టారు. నాకు రెండు మాటలూ సరిపడవు. తన బేరం చేతిలో బలం ఉన్నప్పుడు ఇంకా ముందే పెట్టి ఉంటే షిన్‌బావోఆన్‌లో, తియాన్‌జిన్‌లో చనిపోయిన కుర్రాళ్లు బతికేవాళ్లన్న లెక్కను కూడా ఆయన ఖాతాలో రాయవలసిందే. ఇరవై లక్షల మంది ప్రాణాలు ఉన్న ఖాతా కూడా అదే.

మంత్రిగా 1972 దాకా, ఇరవై రెండేళ్లకు పైగా ఉన్నాడు. పార్టీ సభ్యుడు కాడు. అసలు నిర్ణయాలు శాఖలోని పార్టీ కమిటీవే. అయినా ఊరికే కూర్చోలేదు. హువై నది, యాంగ్‌ట్సీ గట్లు, యోంగ్‌డింగ్ నది మీద 1954లో పూర్తయిన గ్వాన్‌టింగ్ జలాశయం, ఇలా ఏడాదిలో చాలాకాలం పనుల దగ్గరే తిరిగాడు. లక్ష్మణరావు గారు, కన్వర్ సైన్ గారు చైనా వెళ్లిన ఏడాది కూడా అదే. వాళ్లు తిరిగిన పనులన్నీ ఈయన శాఖ కిందివే. నాన్నగారి ట్రంకుపెట్టెలో పడి ఉన్నది ఈయన ఇంటి సంగతేనన్నది నాకు చాలా ఆలస్యంగా వెలిగింది.

సాన్‌మెన్‌షియా ఆనకట్ట గురించి మాత్రం నీళ్ల పని చేసినవాడిగా చెప్పకుండా ఉండలేను. పసుపు నది మీద, ఆయన పుట్టిన పల్లెకు దిగువన, సోవియట్ నిపుణుల నమూనాతో 1957లో మొదలుపెట్టారు. నది మోసే ఒండ్రును తక్కువ అంచనా వేశారు. ప్రొఫెసరు హువాంగ్ వాన్‌లీ వద్దని గట్టిగా వాదిస్తే, ఆ ఏడే ఆయనకు మితవాది, అంటే పార్టీకి ఎదురుతిరిగినవాడు, అని ముద్ర వేశారు. 1960లో నీళ్లు నిలపగానే మేట ఎగబాకి వెయ్ నది లోయ దాకా పోయింది. అడుగున మూసిన తూములు తిరిగి తెరిచి, కొత్త సొరంగాలు తవ్వి, కట్టిన దాన్నే ఏళ్ల తరబడి మరమ్మతు చేశారు. పూడిక తీయడం తెలిసిన సేనాని మంత్రిగా ఉండగానే దేశంలోకెల్లా పెద్ద పూడిక అక్కడ పడింది. తమ్ముడి వరుసయ్యే ఫు జువోగోంగ్ కూడా నీళ్ల పని చదువుకున్నవాడే. గాన్సూలో ఉద్యోగం చేస్తుండగా ఆయనకూ మితవాది ముద్ర పడింది. జియాబియన్‌గౌ అనే ఎడారి శిబిరంలో 1960లో ఆకలితో చనిపోయాడు. జువోజౌనుంచి, బెయ్‌పింగ్ నుంచి ఆకలిని తప్పించిన మనిషి సొంత ఇంటివాణ్ని తప్పించలేకపోయాడు. ఆయన కథలో నేను చదవడం ఆపి పుస్తకం పక్కన పెట్టిన చోటు ఇదొక్కటే.

సాంస్కృతిక విప్లవంలో ఆయన ఇంటి మీదికి కూడా ఎర్రదళం కుర్రాళ్లు వచ్చారు. ప్రధాని చౌ ఎన్ లై కాపాడవలసినవాళ్ల పట్టికలో పేరు చేర్చడంతో అంతటితో బయటపడ్డాడు. 1974 ఏప్రిల్ 19న బీజింగ్ ఆసుపత్రిలో చనిపోయాడు. అప్పటికి నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. సెలవులకు ఇంటికి వెళితే నాన్నగారు ఇంగ్లీషు పత్రికలో ఒక మూల నాలుగు పంక్తుల్లో పడిన ఆ వార్తను కత్తిరించి ట్రంకుపెట్టెలోని నివేదికలో పెట్టి ఉంచారు. తాతయ్య అప్పటికి లేరు. ఉంటే యుయుత్సుడు పోయాడా అని తప్పక అడిగేవారు.

బీజింగ్‌లో మా అమ్మాయి ఉండే అపార్టుమెంటులో కింది అంతస్తులో ఒక పెద్దాయన ఉండేవాడు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. పొద్దున ఎండలో గోడవార కుర్చీ వేసుకుని కూర్చుంటే నేనూ వెళ్లి కూర్చునేవాణ్ని. ఒకరి భాష ఒకరికి రాదు. ఆదివారం నాడు అమ్మాయిని దుబాసీగా కూర్చోబెట్టుకుని 1949 గురించి అడిగాను. అప్పుడాయనకు తొమ్మిదేళ్లట. కరెంటు లేదట. తండ్రి కిటికీ అద్దాలకు కాగితం పట్టీలు అడ్డంగా, నిలువుగా అంటించాడట. నిల్వ చేసుకున్న కాబేజీ తప్ప తిండి లేదట. ఒకరోజు ఫిరంగుల మోత ఆగిపోయింది. అయినా నాలుగు రోజుల దాకా వాళ్లమ్మ ఆ పట్టీలు తీయనివ్వలేదట.

“ఫు జువోయీ గురించి ఏమనుకుంటారు?” అని అడగమన్నాను. పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత అమ్మాయి వైపు తిరిగి ఏదో చెప్పి, వేలితో ఇంటి లోపలికి చూపించాడు.

“ఆయన నీళ్ల మంత్రి కదా, పెళ్లయి కాపురం పెట్టినప్పటి నుంచి మా కుళాయిలో గ్వాన్‌టింగ్ నీళ్లే వచ్చేవి అంటున్నారు నాన్నా” అంది అమ్మాయి. “ఇప్పుడు ఆ నీళ్లు పాడైపోయాయి, తాగడానికి ఇవ్వడం లేదట. టీ రుచి మాత్రం అప్పటిదే బాగుండేదట.”

పెద్దాయన లేచి లోపలికి వెళ్లి, మా ఇద్దరికీ మూత ఉన్న గ్లాసుల్లో టీ తెచ్చాడు.